కప్పకారు చిన్నాయన

మా చిన్నాయన పోయిన వార్త నాకు నాయన చెప్పాడు. హొసకోట బస్టాండు పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి, నేను ప్రూఫులు దిద్దే తుమకూరు అచ్చాఫీసుకు ఫోను చేశాడు. తీగ ఎంత పొడుగుంటే గొంతు అంత పెంచాలని నాయన నమ్మకం. మామూలుగా ఆయన ఫోను చేస్తే రిసీవరు చెవికి జానెడు దూరంలో పట్టుకుంటాను. ఆ రోజు చెవికి అదుముకున్నా సరిగా వినపడలేదు.

"చిన్నాయన లేడు పాపా. పొద్దున్నే ఎద్దులకు మేతేసి అరుగు మీద కూసున్నాడు. మళ్ళ లేయలేదు. వచ్చెయ్."

 ఆ వెంటనే అడిగాడు: "షెడ్డు తాళంచెవి యాడ పెట్టినాడో నీకేమన్నా చెప్పినాడా? జనం కూసునేకి నీడ లేదు."

"మొలతాడుకుంటాది చూడు నాయనా."

అక్కడే ఉంది. ఆ షెడ్డులో ఏముందో మా ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు, మీకు చెప్పాలి. పావగడ తాలూకాలో అరసికెరె దాటి మట్టిదారి పట్టుకుంటే వచ్చే మా పల్లెలో, సిమెంటు రేకుల కింద, నెమలి మెడ రంగులో ఒక పరదేశపు స్పోర్ట్స్ కారు ఉంది. రెండే తలుపులు, రెండే సీట్లు. దాని ముందు దీపాలు బయటికి కనపడవు. మీట నొక్కితే మూతలు తెరుచుకొని పైకి లేస్తాయి, ఆర్పితే మళ్ళీ లోపలికి ముడుచుకుంటాయి. ఆ కండ్లను చూసే ఊరు దానికి కప్పకారని పేరు పెట్టింది. దాని యజమాని కప్పకారాయన అయ్యాడు. ఆయన మా నాయనకు తమ్ముడు. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ కాబట్టి నేను ఏ ఇంటి పిల్లనో చాలాకాలం నాకే తేలలేదు.

ఇప్పుడు మా చేలు చూసినవాళ్ళు నమ్మరు గానీ, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు వేరుశనగ మా తాలూకాను కొన్నేళ్ళు నిలబెట్టింది. కాయ బాగా దిగిన ఏడు ఊళ్ళో పెళ్ళిళ్ళు, మిద్దెలు, మోటారు సైకిళ్ళు. అట్లాంటి ఒక ఏడు చిన్నాయన కాయల లారీ వెంట బెంగళూరు నూనెమిల్లుకు వెళ్ళాడు, వచ్చేటప్పుడు ట్రాక్టరు తెస్తానని. మిల్లు పక్కింట్లో ఒక ఇంజనీరు ఉన్నాడట. పరదేశంలో చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగొస్తూ ఈ కారును ఓడలో తెచ్చుకున్నాడు. ఇక్కడి రోడ్లకు అది కుదరలేదు. చిన్న మర పోయినా నెలల తరబడి ఎదురుచూడాలి. భార్య అందులో కూర్చోనని మొండికేసింది. విసిగి, గోడవార నిలబెట్టి గోనెపట్టాలు కప్పేశాడు. చిన్నాయన ఊరికే ఒక పట్టా అంచు ఎత్తి చూశాడు. ట్రాక్టరు సంగతి అక్కడితో ముగిసింది.

ఇక్కడ చిన్నమ్మ హారతి పళ్ళెంతో వాకిట్లో ఉంది. మట్టిదారి మీద దుమ్ము లేచినప్పటి నుంచీ మెడ పైకెత్తి చూస్తూ నిలబడింది, ట్రాక్టరు ఎత్తుగా వస్తుంది కదా. ఇది ఆమె మోకాళ్ళ దగ్గర వచ్చి ఆగింది.

"ట్రాక్టరు యాడ?"

"ఇదే."

చిన్నమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది.

"దీనికి మడక యాడ కడతావయ్యా?"

"మడక కట్టి దున్నేది కాదే ఇది."

"మనిషి కూసునేకా, పండుకునేకా?" అని, వంగి లోపలికి చూసి, "ఇద్దురే పట్టేది. సంతకు పోతే గంప యాడ పెట్టేది, నీ నెత్తినా?" అంది.

ఆ సాయంత్రం ఊరంతా వచ్చి చూసింది. నాయన మాత్రం రెండు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే వెళ్ళి, "ఒకసారి తారురోడ్డు దాకా పోదాం రా" అన్నాడు. వెళ్ళి వచ్చాక మీసం కింద నవ్వు చాలాసేపు ఉంది.

ఆ కారు కడుపు నేలకు జానెడు ఎత్తు. మా ఊరి నుంచి తారురోడ్డు దాకా ఉన్నదంతా బండ్లదారి, మధ్యలో రాళ్ళు తేలి ఉంటాయి. కారు తీసే రోజు చిన్నాయన ముందు కాలినడకన ఆ దారంతా వెళ్ళి, తగిలే రాయినల్లా ఏరి పక్కకు వేసి, వెనక్కి నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అప్పుడు కారెక్కేవాడు. "మీయాయన ఏందక్కా, కారుకు దారి చిమ్మతాడు, ఇల్లు చిమ్మడా?" అని బావి దగ్గర ఆడవాళ్ళు చిన్నమ్మను ఏడిపించేవాళ్ళు. చిన్నమ్మ కూడా తక్కువది కాదు. "ఇంటికి నేనుండా. దానికెవురుండారు పాపం, సవతి" అనేది.

ఆయుధపూజ నాడు అసలు గొడవ. మా వైపు ఆ రోజు చక్రమున్న ప్రతిదానికీ, ఇనుమున్న ప్రతిదానికీ పసుపు కుంకుమలు పడాల్సిందే. మడకకు, కొడవలికి, సైకిలుకు, బావి గట్టున నీళ్ళు తోడే ఆయిలింజనుకు. చిన్నాయన కారు ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"రంగు మీద వేలు పడగూడదు. కుంకుమ రంగును తినేస్తాది."

"మొగుడి నుదుట పెట్టొచ్చంట, మొగుడి కారుకు పెట్టగూడదంట."

"నా తోలు పోతే మళ్ళ వస్తాది. దాని రంగు ఈ దేశంలో దొరకదు."

చివరికి అద్దానికీ టైర్లకూ ఒప్పందమైంది. చిన్నమ్మ కచ్చకొద్దీ ముందరద్దం నిండా పసుపు పూసి, అరచేయంత బొట్టు పెట్టింది. చిన్నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, దారి చూసుకుంటూ, గుడి చుట్టూ నడిపి తెచ్చాడు. మా అవ్వ గడప మీద కూర్చొని, "సగం పూజ చేసినారు, ఏ సగం కాపాడతాడో దేవుడు" అని గొణిగింది. ఏటేటా ఇదే జరిగేది. ఏటేటా అవ్వ అదే అనేది.

చిన్నాయన ఏడో తరగతి దాకా కన్నడంలో చదువుకున్నాడు. ఇంగ్లీషు అక్షరం రాదు. హిందూపురం వెళ్ళినప్పుడల్లా పాతపేపర్ల అంగట్లో బొమ్మలు చూసి ఇంగ్లీషు కార్ల పత్రికలు ఏరుకొచ్చేవాడు. చదివి చెప్పడం నా పని. అప్పటికి నేను పావగడలో పీయూసీ చదువుతున్నాను. శనివారం ఇంటికి వస్తే, ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో కారు పక్కన ఈతచాప మీద కూర్చోబెట్టి పత్రిక చేతికిచ్చేవాడు. పేజీ తిప్పనిచ్చేవాడు కాదు, ఒక బొమ్మ మీద వేలు పెట్టి "అది చెప్పు" అనేవాడు.

ఒక పత్రికలో ఒక వ్యాసం ఉంది. ఇప్పటి స్పోర్ట్స్ కార్లలో రేపు క్లాసిక్ అయ్యేవి ఏవి అని. దాన్ని ఎన్నిసార్లు చదివించుకున్నాడో. మొదటిసారి చదివినప్పుడు ఆపి అడిగాడు:

"క్లాసిక్కంటే ఏంది పాపా?"

"పాతబడినా విలువ పోని బండి చిన్నాయనా. ఇంకా పెరిగేది."

"మన అవ్వ మాదిరి."

గడప మీది అవ్వ వింటూనే ఉంది. "నాకు పెట్రోలు పొయ్యరు కదప్పా, గంజే" అంది.

ఆ వ్యాసం రాసిన మనిషి చెప్పిన మాటల్లో మూడు చిన్నాయనకు పట్టుకున్నాయి. అట్లాంటి బండ్లు కొన్నే మిగలాలి. మిగిలినదాన్ని ఎవరూ మార్చకూడదు, పుట్టినప్పటి ఇంజను, పుట్టినప్పటి రంగు ఉండాలి. ఇక మూడోది: చిన్నప్పుడు దాన్ని చూసి నోరు తెరిచిన పిల్లలు పెద్దవాళ్ళు కావాలి. వాళ్ళే దాన్ని వెతుక్కుంటూ వస్తారు, విలువ కట్టేది వాళ్ళే. ఈ మూడో మాటను చిన్నాయన రెండోసారి చదివించుకున్నాడు. "మొదటి రెండూ మన చేతిలో ఉండేవే. ఈ మూడోదానికి ఏమన్నా చెయ్యాల" అన్నాడు.

చేశాడు కూడా. మరుసటి వారం నుంచి బడి వదిలాక పిల్లలను షెడ్డు ముందు వరుసగా నిలబెట్టేవాడు. చేతులు వెనక్కి కట్టుకోవాలి, అదొక్కటే షరతు. ఇంజను వేసి, దీపాలు పైకి లేపి, దించి, మళ్ళీ లేపేవాడు. పిల్లలు ప్రతిసారీ అదే మొదటిసారన్నట్టు కేక పెట్టేవాళ్ళు. "బాగా చూడండప్పా. రేపు దీనికి విలువ కట్టాల్సినోళ్ళు మీరే" అనేవాడు.

నాకు నవ్వొచ్చేది. "వీళ్ళు పెద్దయి కార్లు కొంటారా చిన్నాయనా? ఎద్దుల జత కొంటే గొప్ప."

"కొనేవాళ్ళు యాడో ఒకచోట ఉంటారులే. ఉండాదని చెప్పేవాళ్ళుండాల గదా."

నాకు ఆ వయసులో ఊళ్ళో ఏదీ నచ్చేది కాదు. బస్సు వచ్చే టైము, నీళ్ళు వచ్చే టైము, పెళ్ళిచూపుల వాళ్ళు వచ్చే టైము, అన్నిటికీ కూర్చొని ఎదురుచూడటమే. సోమవారం పొద్దున చిన్నాయన నన్ను హొసకోట దాకా కారులో దింపేవాడు, పావగడ బస్సుకు. ఆ సీటు ఎంత కిందుగా ఉండేదంటే, దారి గట్లకు పైనున్న చేలలో వేరుశనగ పూలు సరిగ్గా నా కంటి ఎత్తున పరుగెత్తేవి. ఒక్కొక్క పువ్వూ కనపడదు, పసుపు గీత ఒకటి కనపడుతుంది. ఆ గీత వెంటే ఎక్కడికో వెళ్ళిపోవాలని ఉండేది. "యాడికి పాపా అంత తొందర?" అని ఆయన అడిగేవాడు, అడుగుతూనే కాలు ఇంకొంచెం నొక్కేవాడు.

తర్వాత వానలు మమ్మల్ని వదిలేశాయి. ఒక ఏడు తప్పితే రెండో ఏడు వస్తుందనుకుంటాం. రెండో ఏడూ రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు తగ్గుతాయి. మూడో ఏటికి పశువులు తగ్గుతాయి. ఆ తర్వాత మనుషులే. ఒక్కొక్క కుటుంబమూ బెంగళూరు కట్టడాల పనికి వెళ్ళిపోయింది. షెడ్డు ముందు పిల్లల వరుస పొట్టిదయింది. చిన్నాయన మిగిలిన నలుగురికీ అంతే శ్రద్ధగా దీపాలు లేపేవాడు. కారు దారెక్కడం మానేసింది, వారానికొకసారి స్టార్టు చేసి, కాసేపు తిరగనిచ్చి ఆపేవాడు.

నేను డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన ఏడు, విత్తే అదనుకు వాన పడింది. పది జల్లులకు బదులు రెండు పడ్డాయి. దాచిన విత్తనమంతా వేసేశారు. మొక్క బాగానే లేచింది, పూత వచ్చింది, ఊడలు నేల వైపు దిగుతున్నాయి. ఆ ఊడ నేలలోకి దిగితేనే కాయ. నేల గట్టిపడి ఉంటే ఊడ కొస తాకి, ఎండిపోతుంది. ఆ సమయంలో ఒక్క తడి కావాలి. వాన లేదు. మా నాయనకూ చిన్నాయనకూ పొత్తులో ఉన్న బావి అడుగున కాసిన్ని నీళ్ళున్నాయి. బావి గట్టున ఆయిలింజను, లోపలి అరుగు మీద పంపు, రెంటినీ కలిపే పొడుగాటి బెల్టు. చేను సగం కూడా తడవకముందే ఆయిలింజను రాడ్డు విరిగింది. అనంతపురం నుంచి సామాను రావాలి, వచ్చేదెప్పుడో తెలియదు. పక్క బావులవాళ్ళు ఇంజను ఇద్దామన్నా వాళ్ళ చేలూ అదే స్థితిలో ఉన్నాయి. అడగడానికి కూడా మొగం చెల్లలేదు.

ఆ పొద్దున చిన్నాయన బావి గట్టున చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దారెంట రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు, ఈసారి తారురోడ్డు వైపు కాదు, చేని వైపు. నాయనకు అప్పుడు అర్థమైంది.

"వద్దురా. పంట పోతే ఇంకో పంట వేసుకుంటాము. అది పోతే మళ్ళ రాదు."

"విత్తనం పోతాదన్నా. ఇంట్లో ఒక శేరు కూడా లేదు. వచ్చే ఏడు ఏం వేస్తావు, రాళ్ళా?"

"వాన వస్తాదేమోరా."

"మూడేండ్ల నుంచీ వస్తాదేమో అంటానే ఉండాము."

కారును బావి గట్టుకు తెచ్చాడు. వెనక చక్రం ఒకటి జాకీతో ఎత్తి, కింద బండరాళ్ళు పేర్చి, టైరు ఊడదీసి, ఆ ఇనుప చక్రానికి బెల్టు తగిలించాడు. చిన్నమ్మ దూరంగా నిలబడి చూస్తోంది. ఆ రోజు ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. ఇంజను వేశాడు. చక్రం తిరిగింది, బెల్టు తిరిగింది, కాసేపటికి కాలువలో నీళ్ళు వచ్చాయి. ఎండిన మట్టి మీద నీళ్ళు పారుతుంటే వచ్చే ఆ చిన్న చప్పుడు విని మా నాయన కండ్లు తుడుచుకున్నాడు.

నేను కారులోనే ఉన్నాను, సూది చూడమని నన్ను కూర్చోబెట్టాడు. వేడి చూపించే సూది. పరుగెత్తే కారుకు ఎదురుగాలి తగిలి ఇంజను చల్లబడుతుంది. ఇది నిలుచున్న చోటే పరుగెడుతోంది, గాలన్నది లేదు. మధ్యాహ్నానికి సూది ఎర్రగీత దాటింది. "చిన్నాయనా, పైకి పోతాండాది" అని కేక వేశాను.

ఆయన చేసింది మా వైపు ఎవరైనా చేసే పనే. మా ఆయిలింజన్లు బావి నీళ్ళతోనే చల్లబడతాయి. పంపు నుంచి ఒక సన్నటి పాయ ఇంజను గుండా వెళ్ళి, వేడిని తీసుకొని కాలువలో పడుతుంది. వేడెక్కిన ఇంజనుకు చల్లటి నీళ్ళు కావాలన్నది మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి. ఆపితే కాలువ ఆగిపోతుందని ఆపలేదు. బిందెడు బావి నీళ్ళు తెచ్చి, మూత తెరిచి, తిరుగుతున్న ఇంజను మీద కుమ్మరించాడు. లోపల ఎక్కడో టప్పుమంది. పెద్ద చప్పుడు కాదు, ఎండుకట్టె విరిగినట్టు. తర్వాత తెల్లటి ఆవిరి, ఆ తర్వాత నిశ్శబ్దం. బెల్టు ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.

 కాలువలో మిగిలిన నీళ్ళు ఇంకొన్ని సాళ్ళు తడిపి ఇంకిపోయాయి.

ఆ వారంలోనే వాన పడింది. తడిసిన సాళ్ళ మీదా, తడవని సాళ్ళ మీదా ఒక్కటిగా. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. "గాడిదలకు పెండ్లి చేసినాము, కప్పలకు పెండ్లి చేసినాము, రాలేదు. కప్పకారును కోసినాక వచ్చినాడు వానదేవుడు" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళను నేను తప్పు పట్టను, మూడేళ్ళ తర్వాత నవ్వే రోజది. నేను చిన్నాయనను వెతుక్కుంటూ చేని వైపు వెళ్ళాను.

కారు ఇంకా బావి గట్టునే ఉంది, ఒక కాలు రాళ్ళ మీదికి ఎత్తుకొని. ఆ వానలో చిన్నాయన తువ్వాలుతో దాన్ని తుడుస్తున్నాడు. తుడిచిన చోట మళ్ళీ నీళ్ళు పడుతున్నాయి, మళ్ళీ తువ్వాలు పిండుకొని తుడుస్తున్నాడు. నా వెనకాలే చిన్నమ్మ వచ్చింది, తల మీద గోనె కప్పుకొని. వచ్చి, అటువైపు తలుపును తన కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

వాన తగ్గాక ఎద్దులతో లాగించి షెడ్డులో పెట్టారు. హిందూపురం మెకానిక్కు వచ్చి, కాగిన ఇంజను మీద చల్లనీళ్ళు పడి దాని పైభాగం చీలిందని, అది ఈ దేశంలో దొరకదని తేల్చాడు. "పాత అంబాసిడరు డీజిల్ ఇంజను ఒకటుండాది సార్. కొంచెం కోసి, కొంచెం అతికితే కూసుంటాది. పరుగెత్తదు, కానీ పోతాది" అన్నాడు.

నేను వెంటనే పెట్టించమన్నాను. నాకు ఆ పసుపు గీత మళ్ళీ కావాలి. ఏ ఇంజనైతేనేం, నడవాలి.

చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. "నువ్వే గదా పాపా చదివి చెప్పినావు, పుట్టినప్పటి ఇంజను ఉండాలని. చీలినా అదే ఇది. యాడో ఒకచోట దీని తల దొరుకుతాది. దొరికేదాకా ఇట్లనే ఉంటాది."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే, దీన్ని ఎవురూ చెడగొట్టలేదన్న మాటన్నా మిగులుతాది."

ఆ మాట అన్నాక బావి వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. నాకిప్పటికీ తెలియదు, ఆయన వాన గురించి ఏమనుకున్నాడో. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే అన్న ఆలోచన ఆయనకు రాకుండా ఉండదు. ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఆ కారు తడిపిన సాళ్ళలో కాయ ముందుగా దిగింది, గట్టిగా దిగింది. ఆ గింజలనే విత్తనానికని విడిగా మూట కట్టి అటక మీద పెట్టాడు. చిన్నమ్మ ఉగ్గబట్టుకోలేక, "కాసింత వేయించుకుందామా" అంటే, "అవి తినేవి కాదు" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాత ఏడేళ్ళు బతికాడు. నేను డిగ్రీ ముగించి, ఊరు దాటి, తుమకూరులో స్థిరపడ్డాను. వచ్చినప్పుడల్లా ఈతచాప మీద కొత్తగా ఏరిన పాత పత్రికలు ఉండేవి. నేను చదువుతుంటే, ఎక్కడైనా ఆ కారు పేరు వస్తుందేమోనని చెవి ఒగ్గి ఉండేవాడు. ఎప్పుడో ఒకసారి ఒక మూలన వచ్చింది, అట్లాంటివి చాలామంది చెడగొట్టుకున్నారు, మంచివి కొన్నే మిగిలాయి అని. "కొన్నే మిగిలినాయంటనా" అని రెండుసార్లు అడిగాడు. మరొక్క సంగతి. కారు కదలకపోయినా, తారురోడ్డు దారిలో రాళ్ళు ఏరడం మానలేదు. నేనొక రోజు ఆయన వెంట నడుస్తూ, "ఇంకెవురికోసం చిన్నాయనా?" అన్నాను. "ఎద్దులకు కాళ్ళు లేవా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయన్ను మట్టిలో కలిపిన రోజు జనం షెడ్డులో కారు చుట్టూ సర్దుకొని కూర్చున్నారు గానీ, దినం నాటి భోజనాలకు ఆ నీడ చాలదు. షెడ్డు ఖాళీ చేయాలన్నారు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆరుగురు కారును బయటికి తోశారు. గాలి లేని టైర్లు, బరువు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎండ పడితే ఆ రంగు మా అందరి కండ్లనూ గుచ్చింది. ఎక్కడా ఒక గీత లేదు.

చిన్నమ్మ తమ్ముడు మడకశిర నుంచి వచ్చాడు. మంచివాడే, పని తొందర మనిషి. "అక్కా, ఎట్లాగూ బయటికొచ్చింది గదా. హొసకోటలో పాతినుము కొనే గుజిరీ అంగడాయన నాకు తెలుసు. రేపే లారీ పంపిస్తాడు. షెడ్డులో మేతన్నా వేసుకోవచ్చు" అన్నాడు.

చిన్నమ్మ నన్ను పిలిచింది.

"పాపా, ఆ పుస్తకాలు చదివింది నువ్వు. ఆయన అనుకున్నట్టు ఇది ఆ క్లాసిక్కు అయితాదా, కాదా? నాకు ఉన్నమాట చెప్పు. ఆయన ఈడ లేడు, ఎవురూ ఏమీ అనుకోరు."

నాకు తెలిసిందంతా ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. ఇట్లాంటివి కొన్నే మిగిలాయి, అది నిజం. దీన్ని ఎవరూ మార్చలేదు, అదీ నిజం. కానీ గుండె చీలి ఉంది. దేశంలో దాని సామాను లేదు. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు మా ఊరి పేరు కూడా తెలియదు. ఇంతలో, కారు తోసినవాళ్ళలో ఒకడు, ఇప్పుడు బెంగళూరులో తాపీపని చేస్తున్నాడు, చెమట తుడుచుకుంటూ అన్నాడు: "అక్కా, ఆడ నేను పనిచేసే మేస్త్రీకి చెప్పినా, మా ఊర్లో కండ్లు తెరిచే కారుండాదని. తాగి మాట్లాడతాండావు అన్నాడు. నిజంగానే ఉండాది మేస్త్రీ అని కొట్లాడినా."

వాడికి ఇరవై ఏళ్ళుంటాయి. చెప్పేటప్పుడు మొగం ఎనిమిదేళ్ళది.

"నాకు తెలీదు చిన్నమ్మా" అన్నాను. "ఇంజను పోయినాక కాదేమో. అవుతుందేమో. నిజంగా నాకు తెలీదు."

చిన్నమ్మ కాసేపు కారు వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"తెలీనిదాన్ని గుజిరీకి ఎట్లేసేదప్పా? తెలిసినాక వేద్దాంలే. భోజనాలైతూనే లోపలికి తోసెయ్యండి."

షెడ్డు చిమ్మి, నీళ్ళు చల్లి, విస్తళ్ళు వేశారు. జనం వచ్చి కూర్చున్నారు, మా ఊరివాళ్ళు, అరసికెరె వాళ్ళు, ఆ కారు తడిపిన సాళ్ళ విత్తనాలు ఎప్పుడో ఆయన చేతుల్లోంచి తీసుకెళ్ళినవాళ్ళు. చోటు చాలక బయట ఎండలో కొందరు నిలబడి ఉన్నారు. నేను చారు గిన్నె పట్టుకొని లోపలికి వెళ్ళేదాకా గమనించలేదు. షెడ్డు నడుమ, కారు నిలుచున్నంత మేర, పొడుగాటి చోటు ఒకటి ఖాళీగా ఉంది. వరుసలు దాని దాకా వచ్చి, వంగి, పక్కగా పోతున్నాయి. నేల మీద నూనె మరకలున్నాయని కూర్చోలేదో మరి, ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చిన్నమ్మ మజ్జిగ చెంబుతో ఒక వరుస ముగించి రెండో వరుసకు వస్తూ, అడ్డంగా నడిస్తే నాలుగడుగులైన ఆ చోటును, ప్రతిసారీ చుట్టూ తిరిగి వస్తోంది.